మేనమామ పోలిక



మగపిల్లాడు పుడితే చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్లు ముక్కూ, చెవులూ, కాలి వేళ్లూ పరిశీలించి మన ఇళ్లలో తరచుగా అనే మాట ఒకటుంది: “అంతా మేనమామ పోలికే” అని. ముక్కు మాట ఎలా ఉన్నా, కొన్ని జబ్బుల విషయంలో ఆ మాట అక్షరాలా నిజమవుతుంది. పిల్లాడు పాకడం మొదలుపెట్టగానే మోకాళ్లు వాస్తాయి. ఒంటిమీద కమిలిన మచ్చలు పడతాయి. పెదవి కొరుక్కున్నా రక్తం గంటల తరబడి కారుతుంది. విచారిస్తే వాళ్లమ్మ అన్నకీ చిన్నప్పటి నుంచి ఇదే బాధ అని తెలుస్తుంది. అమ్మమ్మ తమ్ముడు ఒకాయన పన్ను పీకించుకుని, రక్తం ఆగక పోయాడని ఇంట్లో ఎవరో గుర్తుచేసుకుంటారు. మధ్యనున్న అమ్మా, అమ్మమ్మా ఇద్దరూ ఆరోగ్యంగా తిరుగుతూనే ఉన్నారు. నాన్న వైపు ఎవరికీ ఏమీ లేదు.

ఇలా ఆడవాళ్ల ద్వారా నడిచి మగవాళ్లలో బయటపడే వాటిని జీవశాస్త్ర పాఠాల్లో లింగ సహలగ్న అంతర్గత లక్షణాలు అంటారు. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా, కండరాలు క్షీణించే డుషేన్ జబ్బు, ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని వర్ణాంధత్వం, కొన్ని మందులు పడని జీ6పీడీ లోపం, ఇవన్నీ ఈ కోవలోవే. ఇవాళ ఎక్కువగా హీమోఫీలియా గురించి చెబుతాను. దాని దారి అర్థమైతే మిగతావాటి దారి కూడా అర్థమైనట్టే. ఇంకో కారణం కూడా ఉంది. ఈ జబ్బున్న పిల్లాడి ఇంట్లో జబ్బు తర్వాత రెండో బాధ నింద. “మా వంశంలో లేదు, కోడలు తెచ్చింది” అని ఒకరంటారు. “మేనరికం చేశారు, అందుకే” అని ఇంకొకరంటారు. ఆ తల్లి రెండూ వింటూ, రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఇంజెక్షన్ కోసం ఆసుపత్రి వరండాలో కూర్చుంటుంది. ఆ రెండు మాటల్లో నిజమెంతో విడదీసి చెప్పాలని ఈ ప్రసంగం.

ఈ దారిని మనుషులు జన్యువు అనే మాట పుట్టకముందే కనిపెట్టారు. యూదుల ధర్మగ్రంథం తల్మూదులో ఒక ఉదంతం ఉంది. రెండో శతాబ్దం నాటి మాట. గలిలయ ప్రాంతంలో సెఫోరిస్ అనే పట్నం. నలుగురు అక్కచెల్లెళ్లు. పెద్దామె కొడుక్కి సున్తీ చేస్తే చనిపోయాడు. రెండో ఆమె కొడుకూ అంతే, మూడో ఆమె కొడుకూ అంతే. నాలుగో ఆమె తన బిడ్డ సంగతి అడగడానికి మతగురువు సిమియోను బెన్ గమలియేలు దగ్గరికి వెళ్తే, ఈ బిడ్డకు సున్తీ వద్దని ఆయన చెప్పాడు. ఆ నలుగురు పిల్లల తండ్రులు వేరువేరు. తల్లులు మాత్రం ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లు. ఆ పరిశీలన ఎంత సూక్ష్మమైనదో ఆలోచించండి. 1803లో అమెరికాలో ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ కాన్రాడ్ ఆటో కొన్ని కుటుంబాల గురించి రాస్తూ, రక్తస్రావం మగవాళ్లకే వస్తోందనీ, ఆడవాళ్లు తమకు లేకపోయినా పిల్లలకు అందిస్తున్నారనీ స్పష్టంగా చెప్పాడు. ఎందుకు అలా అన్నది తెలియడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1910లో థామస్ హంట్ మోర్గాన్ తన ప్రయోగశాలలో ఎర్రకళ్ల పండ్ల ఈగల మధ్య ఒక తెల్లకళ్ల మగ ఈగను చూసి, దాని సంతతిని లెక్కపెట్టి, ఈ లక్షణం ఎక్స్ క్రోమోజోముతో కలిసి నడుస్తోందని తేల్చాడు.

ఇప్పుడు ఆ లెక్కలోకి వెళ్దాం. మన కణాల్లో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. 22 జతలు ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ఒకే తీరు. 23వ జతలోనే తేడా. ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు, మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. వై చిన్నది, దాని మీద జన్యువులు తక్కువ. ఎక్స్ పెద్దది, దాని మీద ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు ఎనిమిది వందల దాకా ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఆడా మగా అన్న సంగతితో సంబంధమే లేదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫ్యాక్టర్, తొమ్మిదో ఫ్యాక్టర్, కండరాన్ని పట్టి ఉంచే డిస్ట్రోఫిన్, ఎరుపు, ఆకుపచ్చ రంగులను పసిగట్టే కంటి వర్ణకాలు, వీటన్నిటి జన్యువులూ ఎక్స్ మీదే ఉన్నాయి. ఆస్తి దస్తావేజుకు రెండు నకళ్లు ఉంటే ఒకదాని మీద సిరా ఒలికినా రెండోది చూసి పని జరుపుకుంటాం. ఆడవాళ్లకు ఆ వెసులుబాటు ఉంది. మగవాళ్లకు ఉన్నది ఒక్కటే నకలు. దాని మీద మరక పడితే పని ఆగిపోతుంది.

మగపిల్లాడికి తండ్రి ఇచ్చేది వై. ఎక్స్ ఇవ్వడు. ఇస్తే ఆడపిల్ల పుట్టేది. కాబట్టి కొడుకు ఎక్స్ మీద ఏముందో అదంతా తల్లి ఇచ్చిందే. తల్లికి ఉన్న రెండు ఎక్స్‌లలో ఒకదానిలో లోపముంటే ఆమెను వాహకురాలు అంటాం. ఆమెకు పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం సగం. ప్రతి కూతురూ వాహకురాలయ్యే అవకాశం సగం. ఇక్కడ చాలామంది పొరబడతారు. పెద్దవాడికి వచ్చింది కాబట్టి రెండోవాడికి రాదని ధైర్యంగా ఉంటారు. లెక్క ప్రతి గర్భానికీ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. పెద్దవాడికి వచ్చినా, రాకపోయినా రెండోవాడికి అవకాశం సగమే.

అదే హీమోఫీలియా ఉన్న మగవాడి సంగతి చూడండి. అతని కొడుకులందరికీ వెళ్లేది అతని వై, కాబట్టి అతని జబ్బు వాళ్లకు రాదు. కూతుళ్లందరికీ అతని ఒకే ఒక్క ఎక్స్ వెళ్తుంది, కాబట్టి ప్రతి కూతురూ వాహకురాలే. ఇందులో అవకాశాల మాట లేదు, కచ్చితం. ఆ కూతుళ్లకు పుట్టే కొడుకుల్లో తాత జబ్బు మళ్లీ కనిపిస్తుంది. మధ్యలో ఒక తరం ఖాళీగా కనబడటంతో కుటుంబం జబ్బు పోయిందనుకుంటుంది.

ఈ లెక్క పొల్లుపోకుండా నడిచిన కుటుంబం ఇంగ్లండు రాణి విక్టోరియాది. ఆమెకు తొమ్మిది మంది పిల్లలు. నలుగురు కొడుకుల్లో ఒక్క లియోపోల్డ్‌కే హీమోఫీలియా. 1884లో ఫ్రాన్సులో కాలు జారి పడ్డాడు, ముప్ఫై ఏళ్లకే చనిపోయాడు. అప్పటికి ఒక కూతురు పుట్టింది. ఆమె కచ్చితంగా వాహకురాలు కావాలి కదా. అయింది కూడా. ఆమె కొడుకు 1928లో కారు ప్రమాదం తర్వాత రక్తస్రావంతో పోయాడు. విక్టోరియా ఐదుగురు కూతుళ్లలో ఆలిస్, బియట్రిస్ వాహకురాళ్లు. బియట్రిస్ కూతురు స్పెయిన్ రాణి అయింది, జబ్బు ఆ ఇంటికి చేరింది. ఆలిస్ కూతురు అలెగ్జాండ్రా రష్యా చక్రవర్తి నికొలాస్‌ను పెళ్లాడింది. వాళ్లకు వరసగా నలుగురు ఆడపిల్లల తర్వాత 1904లో పుట్టిన ఒక్కగానొక్క కొడుకు అలెక్సీ హీమోఫీలియాతో పుట్టాడు. రాజకుటుంబం ఆ సంగతి ప్రజలకు తెలియనివ్వలేదు. బిడ్డ బాధ తగ్గిస్తాడన్న నమ్మకంతో రాస్‌పుటిన్ అనే సాధువును అంతఃపురంలోకి రానిచ్చారు, ఆ ఇంటి మీద నమ్మకం పోవడానికి అతడూ ఒక కారణమయ్యాడు. 1918లో ఆ కుటుంబాన్నంతా కాల్చిచంపారు. తొంభై ఏళ్ల తర్వాత దొరికిన ఎముకల్లోని డీఎన్ఏని పరీక్షించి, అది తొమ్మిదో ఫ్యాక్టర్ లోపమని, అంటే హీమోఫీలియా-బి అని 2009లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. విక్టోరియా పెద్దకొడుకు ఏడో ఎడ్వర్డ్‌కు జబ్బు లేదు. ఆయన నుంచి వచ్చిన ఇప్పటి బ్రిటిష్ రాజవంశానికీ అందుకే లేదు.

మరి విక్టోరియాకు ఎక్కణ్నుంచి వచ్చింది? ఆమె తల్లి వైపు గానీ, తండ్రి వైపు గానీ రక్తస్రావ జబ్బు ఉన్నట్టు దాఖలాలు లేవు. ఆమె పుట్టేనాటికి తండ్రి వయసు 51. జన్యువు నకలు తీసుకునేటప్పుడు, అందులోనూ వయసు మీరిన తండ్రి వీర్యకణాల్లో, కొత్తగా అక్షరం తారుమారు కావడం సహజంగా జరిగేదే. ఆమె విషయంలోనూ అలాగే జరిగి ఉంటుందని చాలామంది భావిస్తారు.

కొత్తగా పుట్టే ఈ లోపాలను మొదటిసారి లెక్కకట్టిన మనిషికి మన నేలతో సంబంధముంది. ఆయన బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. 1935లో ఆయన ఒక ప్రశ్న వేసుకున్నాడు. తీవ్రమైన హీమోఫీలియా ఉన్న పిల్లలు ఆ రోజుల్లో పెళ్లీడుకు రాకుండానే చనిపోయేవారు. జనాభాలోని ఎక్స్ క్రోమోజోముల్లో మూడింట రెండు వంతులు ఆడవాళ్ల దగ్గర, ఒక వంతు మగవాళ్ల దగ్గర ఉంటాయి. అంటే తరానికొకసారి లోపమున్న జన్యువుల్లో మూడో వంతు ఆ పిల్లలతో పాటే పోతోంది. అలా పోతూ ఉంటే కొన్ని తరాలకే జబ్బు అంతరించిపోవాలి. అంతరించలేదు. కాబట్టి పోయినంత మేర కొత్తగా పుడుతోందన్నమాట. హీమోఫీలియా పిల్లల్లో ఇంచుమించు మూడింట ఒకరికి వంశంలో ఎక్కడా లేకుండా కొత్తగా వచ్చిందే. కాగితం మీద చేసిన ఈ వాదనతోనే ఒక మానవ జన్యువు ఎంత తరచుగా మారుతుందో తొలిసారి అంచనా దొరికింది. నాకు తెలిసిన అందమైన తర్కాల్లో ఇదొకటి. హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చేశాడు, మన పౌరుడయ్యాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్యవిద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. కాకినాడ శ్రోతలు ఈ మాట పిల్లలకు చెప్పాలి.

ఆ మూడింట ఒక వంతు మాట అత్తవారింటి పెద్దలు ప్రత్యేకంగా వినాలి. వాళ్ల కోడలి పుట్టింట్లో పది తరాలు వెతికినా జబ్బు కనబడకపోవచ్చు. అంతకంటే ముఖ్యం, లోపం ఆమె ఎక్స్‌లో ఉన్నా అది ఆమె చేసింది కాదు, ఎంచుకున్నది కాదు. ఆమె చేతిలో లేనిదాన్ని ఆమె తెచ్చిందనడం అన్యాయం.

ఇక మేనరికం. హాల్డేన్ శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన కృష్ణ ద్రోణంరాజు ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల మీద పి. మీరాఖాన్‌తో కలిసి చేసిన అధ్యయనం 1963లో వెలువడింది. మన అక్క కూతురి పెళ్లిళ్లు, మేనత్త మేనమామల సంబంధాలు ప్రపంచ జన్యుశాస్త్రానికి అలా పరిచయమయ్యాయి.    మామూలు క్రోమోజోముల మీది అంతర్గత జబ్బుల విషయంలో, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపం రావలసిన తలసీమియా వంటివాటిలో, మేనరికం వల్ల ముప్పు పెరుగుతుంది. అందులో నాకు సందేహం లేదు, మేనరికాలు తగ్గడం మంచిదే అంటాను. ఎక్స్ మీది జబ్బు లెక్క మాత్రం వేరు. సంబంధాన్ని బట్టి మారుతుంది. ఒక్కొక్కటీ చూద్దాం. వీలైతే కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

మొదటిది. అమ్మాయిని ఆరోగ్యంగా ఉన్న మేనమామకే ఇచ్చారు. వాళ్లకు పుట్టిన కొడుక్కి హీమోఫీలియా వచ్చింది. ఊరంతా మేనరికం వల్లనే అంటుంది. నిజానికి ఆ కొడుక్కి మేనమామ ఇచ్చింది వై. లోపం వచ్చింది తల్లి ఎక్స్ నుంచి. ఆమె ఢిల్లీలో పుట్టిన పరాయి అబ్బాయిని చేసుకున్నా ఆ కొడుక్కి అదే ముప్పు ఉండేది, ఒక్క పిసరు ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇక్కడ మేనరికం నిర్దోషి.

రెండోది. హీమోఫీలియా ఉన్న అబ్బాయి తన అక్క కూతుర్ని చేసుకున్నాడు. అతని తల్లి వాహకురాలు అనుకుందాం. అప్పుడు అక్క వాహకురాలయ్యే అవకాశం సగం, అక్క కూతురికి అందులో సగం, అంటే పావు. వాళ్లకు పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. పరాయి సంబంధం చేసుకుని ఉంటే కొడుకులకు ఆ ముప్పే ఉండేది కాదు. కూతుళ్ల సంగతి ఇంకా కష్టం. తండ్రి నుంచి లోపమున్న ఎక్స్ ఎలాగూ వస్తుంది. తల్లి నుంచి కూడా వస్తే ఆడపిల్లకే పూర్తి హీమోఫీలియా వస్తుంది. ఆ అవకాశమూ ఎనిమిదింట ఒకటే. చాలా అరుదైన ‘ఆడపిల్లలో హీమోఫీలియా’కు దారి తెరిచేది ఇలాంటి పెళ్లి. ఇక్కడ మేనరికం వద్దని గట్టిగా చెబుతాను. తప్పదంటే పెళ్లికి ముందే ఆ అమ్మాయికి వాహక పరీక్ష చేయించాలి.

మూడోది. అదే అబ్బాయికి మేనమామ కూతురితో సంబంధం అనుకుంటున్నారు. అప్పుడు అడగవలసింది ఒకే ప్రశ్న: మేనమామకు జబ్బుందా? ఉంటే ఆయన కూతురు తప్పకుండా వాహకురాలు. ఆ పెళ్లిలో ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, జబ్బు అవకాశం సగం. మేనమామ ఆరోగ్యవంతుడైతే ఆయన ఎక్స్ మంచిదే. ఆయన వైపు నుంచి కూతురికి లోపం వెళ్లే దారి లేదు.

నాలుగోది, మేనత్త కూతురు. ఈ అబ్బాయికి లోపం వచ్చింది తల్లి నుంచి. మేనత్త తండ్రి తోబుట్టువు. తల్లి పుట్టిల్లు వేరు, మేనత్త పుట్టిల్లు వేరు కాబట్టి మేనత్తకు ఈ లోపంతో సంబంధం లేదు. మిగతా జబ్బుల ముప్పు ఎలా ఉన్నా, హీమోఫీలియా మాటకొస్తే ఈ సంబంధం పరాయి సంబంధం లాంటిదే. అబ్బాయి తల్లిదండ్రులు కూడా దగ్గరి చుట్టాలైతే మాత్రం వంశవృక్ష పటం గీసి చూడందే చెప్పకూడదు. మనవైపు తరతరాలుగా మేనరికాలున్న ఇళ్లలో ఒకే మనిషి రెండు వరసల్లో చుట్టమవుతాడు.

ఈ నాలుగూ చూస్తే “మేనరికం మంచిదా, చెడ్డదా” అన్న ఒక్క ప్రశ్నతో పని జరగదని తెలుస్తుంది. ఏ చుట్టరికం, ఎవరి ఎక్స్ ఎవరి దగ్గరికి వెళ్లింది అని అడగాలి.

ఇంతవరకూ వాహకురాళ్లు ఆరోగ్యంగా ఉంటారని చెబుతూ వచ్చాను. పుస్తకాల్లోనూ చాలాకాలం అలాగే రాశారు. అది పూర్తి నిజం కాదు. ఆడవాళ్ల కణాల్లో రెండు ఎక్స్‌లు ఉన్నా, ప్రతి కణంలోనూ పిండదశలోనే ఒకటి నిద్రాణమైపోతుంది. ఏ కణంలో ఏది ఆగుతుందన్నది యాదృచ్ఛికం. 1961లో మేరీ లయన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ సంగతి చెప్పింది. నలుపూ నారింజా కలగలిసిన పిల్లుల్లో దాదాపు అన్నీ ఆడవే కావడానికి కారణం ఇదే. ఒంటి మీద ఒక మచ్చ దగ్గర ఒక ఎక్స్ పనిచేస్తుంది, ఇంకో మచ్చ దగ్గర రెండోది. అలాగే వాహకురాలి కాలేయంలో మంచి ఎక్స్ ఎక్కువ కణాల్లో ఆగిపోతే, ఆమె రక్తంలో ఫ్యాక్టర్ సగం కంటే బాగా తక్కువగా ఉంటుంది. అలాంటివాళ్లకు నెలసరిలో రక్తం విపరీతంగా పోతుంది, కాన్పు తర్వాత ఆగదు, పన్ను తీస్తే ఇబ్బంది అవుతుంది. “మా ఆడవాళ్లందరికీ అంతే, మా ఇంటి తీరే అంత” అని ఏళ్ల తరబడి రక్తహీనతతో బతికేస్తారు. అన్నకో తమ్ముడికో హీమోఫీలియా ఉన్న ప్రతి ఆడపిల్లకూ ఒక్కసారైనా ఫ్యాక్టర్ స్థాయి చూడాలి. అది పుట్టబోయే కొడుకు కోసం కాదు, ఆమె కోసం.

మిగతా జబ్బుల గురించి రెండు మాటలు. డుషేన్ జబ్బు ఉన్న పిల్లాడు మూడు నుంచి ఐదేళ్ల మధ్య తరచూ పడిపోతాడు, మెట్లు ఎక్కలేడు, కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఊని లేస్తాడు. పిక్కలు మాత్రం లావుగా, దృఢంగా కనిపిస్తాయి. బద్ధకమనుకుని బళ్లో నిలబెడతారు. క్రియాటిన్ కైనేజ్ అనే చిన్న రక్తపరీక్ష చేస్తే అనుమానం బలపడుతుంది. దీని జన్యువు మనిషి జన్యువుల్లో అతి పెద్దది. అంత పెద్దది కాబట్టే కొత్తగా తెగిపోవడం కూడా ఎక్కువ. ఇందులోనూ ఇంచుమించు మూడో వంతు కొత్తగా పుట్టినవే. జీ6పీడీ లోపముంటే మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ వల్ల ఎర్రరక్తకణాలు చితికిపోతాయి. కలరా ఉండలతో దాచిన పాత బట్టల్లో పసిబిడ్డను చుడితే కామెర్లు ముదరవచ్చు. వర్ణాంధత్వం ప్రాణానికి ప్రమాదం కాదు. ఐరోపా మగవాళ్లలో నూటికి 8 మందికి ఉంటుంది. ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లలోనూ లోపముండాలి కాబట్టి రెండు వందల మందిలో ఇంచుమించు ఒకరికి మాత్రమే కనిపిస్తుంది.

ఇప్పుడు ఇంట్లో చేయవలసినదాని గురించి. పిల్లాడికి జబ్బు ఉందని తేలగానే అందరి దృష్టీ అతని మీదే ఉంటుంది. అతని అక్కచెల్లెళ్ల గురించి, తల్లి అక్కచెల్లెళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే సంబంధాలు చెడతాయని భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన సమాజంలో ఆడపిల్ల తల్లిదండ్రుల మీద ఉన్న బరువు నిజమైనదే. ఆ మౌనం వల్ల మాత్రం, పెళ్లయి దూరాన ఉన్న పిన్ని ఏమీ తెలియకుండా కొడుకును కంటుంది, ఆ పిల్లాడు మొదటి సంవత్సరంలోనే తలలో రక్తస్రావంతో ఆసుపత్రికి వస్తాడు. చెప్పి ఉంటే ముందే జాగ్రత్తపడేవాళ్లు. చెప్పకపోవడం వల్ల ఆ ఇంటికి కలిగే నష్టం ఏ సంబంధం చెడినా కలిగేదానికంటే పెద్దది. అందుకే పటం గీయండి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం. జబ్బున్నవాళ్లది నింపండి. తల్లి వైపు కనీసం మూడు తరాలు, మేనమామలు, పెద్దమ్మ, పిన్ని కొడుకులు, చిన్నతనంలో పోయిన మగపిల్లలు, అందరినీ రాయండి. అమ్మమ్మలను అడగండి. వాళ్ల జ్ఞాపకంలో ఉన్నది ఏ ఫైల్లోనూ ఉండదు.

పరీక్ష ముందుగా జబ్బున్న పిల్లాడికి చేయాలి. అతని జన్యువులో ఏ చోట లోపముందో తెలిస్తే, తల్లిలో, అక్కచెల్లెళ్లలో ఆ ఒక్కచోట వెతికితే చాలు. ఫ్యాక్టర్ స్థాయి మామూలుగా ఉన్నంతమాత్రాన వాహకురాలు కాదని అనుకోకూడదు. హైదరాబాదులో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ వంటి చోట్ల ఇలాంటి పరీక్షలు, జన్యు సలహా దొరుకుతాయి. తల్లి రక్తంలో లోపం కనబడకపోయినా ఆమె అండాల్లో కొన్నిటిలో ఉండే వీలుంది, ఆ చిన్న ముప్పు గురించి కూడా సలహాదారు చెబుతారు. గర్భంలో ఆడా మగా చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. అదే చట్టం, కుటుంబంలో ఇలాంటి జబ్బు ఉన్నప్పుడు నమోదైన కేంద్రాల్లో గర్భస్థ శిశువుకు ఆ జబ్బు పరీక్ష చేయడానికి అనుమతిస్తుంది. చట్టానికి భయపడి ఆ పరీక్ష ఉందన్న సంగతే తెలియకుండా ఉండిపోయే దంపతులున్నారు. పరీక్ష చేయించుకోవాలా వద్దా, తర్వాత ఏం చేయాలి అన్నది ఆ ఇద్దరి నిర్ణయం. అత్తగారిదీ కాదు, డాక్టరుదీ కాదు.

హీమోఫీలియాతో పుట్టిన పిల్లాడి జీవితం ఇప్పుడు అలెక్సీ జీవితంలా ఉండదు. లోపించిన ఫ్యాక్టర్‌ను క్రమంగా ఎక్కిస్తే కీళ్లు పాడవకుండా బడికి వెళ్తాడు. హీమోఫీలియా-ఎ, అంటే ఎనిమిదో ఫ్యాక్టర్ లోపం, ఉన్నవాళ్లకు చర్మం కింద ఇచ్చే ఎమిసిజుమాబ్ అనే మందు వచ్చింది. వెల్లూరు సీఎంసీలో ఐదుగురికి జన్యుచికిత్స చేసిన ఫలితాలు 2024లో వెలువడ్డాయి, వాటి మీద ఆశలున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో హీమోఫీలియా, కండరాల క్షీణత రెండూ ఉన్నాయి, ధ్రువపత్రం తీసుకోండి. ఆస్పిరిన్ వాడొద్దు. డాక్టరు చెప్పకుండా కండలోకి ఇంజెక్షన్లు చేయించొద్దు.

చివరగా, వాహకురాలని తెలిసిన, లేదా అనుమానమున్న గర్భిణికి. ఏడో నెలలో మీ ఫ్యాక్టర్ స్థాయి చూపించుకోండి. రక్తవ్యాధుల నిపుణులు అందుబాటులో ఉన్న ఆసుపత్రిలో కాన్పుకు ఏర్పాటు చేసుకోండి. బిడ్డ తలకు పట్టకారు గానీ, వ్యాక్యూమ్ గానీ వాడవద్దని ముందే రాయించండి. పుట్టగానే బొడ్డుతాడు రక్తంతో ఫ్యాక్టర్ పరీక్ష చేయమనండి. తొమ్మిదో ఫ్యాక్టర్ పసివాళ్లందరిలోనూ తక్కువే ఉంటుంది కాబట్టి, మీ ఇంట్లో ఉన్నది హీమోఫీలియా-బి అయితే ఆరు నెలలకు మళ్లీ చూడాల్సి రావచ్చు. ఫలితం వచ్చేదాకా బిడ్డకు ఏ సూది వేయాలన్నా ఆ నిపుణులను అడిగాకే వేయమనండి. టీకాలు మానొద్దు. సన్నని సూదితో వేసి, ఆ చోట ఐదు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోమనండి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, డాక్టరు సంతకంతో కాన్పు ఫైలు మొదటి పేజీలో పెట్టించండి.